చిట్టెలుక లావు, మనిషి లావు

చిట్టెలుకకి షుగర్ టెస్ట్ చేసేటప్పుడు తోక చివర సన్నగా గాటు పెట్టి, ఒక చుక్క రక్తం తీసి, మన ఇళ్లల్లో ఉండే గ్లూకోమీటర్ లాంటి దానితోనే చూస్తారు. ముందు పరగడుపున ఒక చుక్క, తర్వాత పొట్టలోకి గ్లూకోజ్ సూది, ఆపైన 15 నిమిషాలకి, 30కి, 60కి, 120కి మళ్లీ ఒక్కో చుక్క. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా సుమారు 2 మిల్లీలీటర్లే కాబట్టి చుక్క అంటే చుక్కే, ఎక్కువ తీయడానికి లేదు.

పైకి చూస్తే ఇది మన ల్యాబ్‌లో 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగించి చేసే టెస్ట్ లాగే ఉంటుంది. దగ్గరికెళ్తే తేడాలు కనిపిస్తాయి. చిట్టెలుకకి మామూలుగా ఇచ్చే మోతాదు కిలో బరువుకి 2 గ్రాములు, అదే లెక్క 70 కిలోల మనిషికి వేస్తే 140 గ్రాములు అవుతుంది. అదీ చాలాచోట్ల నోటి ద్వారా ఇవ్వరు, సూదితో పొట్టలోకి ఎక్కిస్తారు. గ్లూకోజ్ పేగులోంచి పోకపోతే పేగు విడుదల చేయాల్సిన హార్మోన్లు సరిగా విడుదల కావు, ఇప్పుడు పేరు మోగుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లన్నీ అనుకరిస్తున్నది సరిగ్గా ఆ హార్మోన్లనే. ఇక పరగడుపు సంగతి. మనకి రాత్రి భోంచేసి పొద్దున్న టెస్టుకి వెళ్లడం పెద్ద విషయం కాదు. చిట్టెలుక తినేదే రాత్రిపూట, పైగా దాని ఒంట్లో నిల్వలు తక్కువ, రాత్రంతా పస్తు పెడితే తెల్లారేసరికి బరువులో పదో వంతుకు పైగానే తగ్గిపోతుంది. 70 కిలోల మనిషి ఒక్క రాత్రిలో ఏడు కిలోలు తగ్గి టెస్టుకి వచ్చినట్టు. అందుకే ఈ మధ్య చాలామంది పరిశోధకులు పగటిపూట ఆరు గంటల పస్తుకి మారారు.

ఊబకాయం మీద, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒళ్లు దాని మాట సరిగా వినకపోవడం) మీద, ఫ్యాటీ లివర్ మీద వచ్చే వార్తల్లో చాలావాటి వెనకాల ఇలాంటి చిట్టెలుకే ఉంటుంది. అది అబద్ధం చెప్పదు. కాకపోతే అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది, ప్రశ్న ఎలా అడిగామన్నది బోను ఉష్ణోగ్రత దగ్గర్నుంచి మేతలో కొవ్వు శాతం దాకా అన్నిట్లోనూ దాగుంటుంది. ఆ సంగతి వదిలేసి "పొట్ట కొవ్వు కరిగించే మందు దొరికింది" అని హెడ్డింగ్ పెట్టి, చిట్టెలుకల మాట నాలుగో పేరాలో చెబితే, షుగర్‌తో, బరువుతో అవస్థ పడుతూ ఆశగా చదివేవాళ్లకి అన్యాయం జరుగుతుంది.

చిట్టెలుక ఎంత గొప్పగా జవాబు చెప్పగలదో చూడాలంటే అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్ ఊళ్లో ఉన్న జాక్సన్ లేబొరేటరీకి వెళ్లాలి. 1949లో అక్కడి బోనుల్లో ఒక రకం చిట్టెలుకలు ఆగకుండా తింటూ, కదలకుండా కూర్చుని, మామూలు వాటికి మూడింతల బరువుకి పెరగడం కనిపించింది. జన్యువులో సహజంగా వచ్చిన మార్పు అది. ఆ మరుసటి ఏడాది ఆన్ ఇంగల్స్, మార్గరెట్ డికీ, జార్జ్ స్నెల్ కలిసి దాన్ని ప్రచురించారు. ఒబీస్ అన్న మాటలోంచి దానికి 'ఓబీ' అని పేరు పెట్టారు. 1966లో అదే ల్యాబ్‌లో ఇంకో రకం బయటపడింది, అది కూడా లావే, దానికి తోడు తీవ్రమైన షుగర్. డయాబెటిస్ కాబట్టి దాని పేరు 'డీబీ'.

ఇక్కడ డగ్లస్ కోల్‌మన్ అనే కెనడా బయోకెమిస్ట్ చేసిన పని చూడాలి. ఆయన రెండు బతికున్న చిట్టెలుకల్ని పక్కపక్కన పెట్టి, పక్కటెముకల వైపు చర్మం కోసి, ఒకదానికి ఒకటి కలిపి కుట్టేశాడు. కొన్ని రోజులకి సన్నటి రక్తనాళాలు రెండింటి మధ్య అల్లుకుంటాయి, దీని రక్తం దానిలోకి, దానిది దీనిలోకి నెమ్మదిగా పారుతుంది. వినడానికే ఒళ్లు జలదరించే పద్ధతి, ఆ ప్రాణులు పడ్డ బాధని చిన్నది చేసి మాట్లాడకూడదు. కానీ దాని నుంచి వచ్చిన సమాధానం అంత స్పష్టంగా మరే దారిలోనూ ఆ రోజుల్లో వచ్చేది కాదు.

డీబీని మామూలు చిట్టెలుకతో కలిపి కుడితే, మామూలుది తిండి మానేసింది. ఎదురుగా మేత ఉంది, పక్కన అంటుకుని ఉన్నది ఆబగా తింటోంది, ఇది మాత్రం ముట్టదు. షుగర్ పడిపోయి, ఆకలితో చచ్చిపోయింది. డీబీకి ఏమీ కాలేదు, ఇంకా లావెక్కింది. ఓబీని మామూలు దానితో కలిపితే మామూలుదానికి ఏమీ కాలేదు, ఓబీ మాత్రం తిండి తగ్గించింది. చివరికి 1973లో ప్రచురించిన ప్రయోగంలో ఓబీని, డీబీని కలిపి కుట్టారు, రెండూ ఒకేలా లావుగా ఉండే జంట. ఓబీ తినడం మానేసి చిక్కి చచ్చిపోయింది, డీబీ లావవుతూ పోయింది.

ఈ మూడు ఫలితాల్ని కలిపి చూస్తే ఒకే వివరణ నప్పుతుంది. "కడుపు నిండింది, చాలు" అని చెప్పే కబురు ఏదో రక్తంలో తిరుగుతోంది. ఓబీ ఆ కబురు పంపలేకపోతోంది, కానీ వస్తే అందుకోగలదు. డీబీ ఆ కబురు విపరీతంగా పంపుతోంది, కానీ తను వినలేకపోతోంది, వినే యంత్రాంగమే పాడైంది. పక్కన కుట్టిన ప్రాణి మాత్రం ఆ కబురు మోతలో మునిగిపోయి తిండి మానేసింది. ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరూ చూడలేదు, పేరు కూడా లేదు. లావంటే నోరు కట్టుకోలేకపోవడమేనని డాక్టర్లు కూడా గట్టిగా నమ్మిన రోజులవి, ఆకలిని రక్తంలోని పదార్థం నడిపిస్తుందంటే చాలామంది ఒప్పుకోలేదు.

ఆ పదార్థం దొరకడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఏళ్ల తరబడి ఓబీ జన్యువు కోసం వెతికి 1994 డిసెంబరులో ప్రకటించింది. ఆ హార్మోన్‌కి పెట్టిన పేరు లెప్టిన్, గ్రీకులో సన్నం అనే అర్థం ఉన్న మాట నుంచి. దాన్ని తయారుచేసేది కొవ్వు కణాలే. అప్పటిదాకా కొవ్వంటే ధాన్యం బస్తా లాంటిది, మిగిలింది పోసి దాచుకునే చోటు, అంతే అనుకున్నారు. అది మెదడుకి కబుర్లు పంపే అవయవం అని తేలిపోయింది. 1995-96లో డీబీలో పాడైంది లెప్టిన్‌ని అందుకునే రిసెప్టరే అని కూడా తేలింది, అంటే కోల్‌మన్ కుట్టుపనితో చెప్పింది అక్షరాలా నిజమైంది. 2010లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు కోల్‌మన్, ఫ్రీడ్‌మన్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు.

ఆ తర్వాత జరిగిందే అసలు పాఠం. ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టి లెప్టిన్ హక్కులు తీసుకుంది. లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఓబీ చిట్టెలుకలు కళ్లముందే సన్నబడ్డాయి, ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. కానీ 1996లో మనుషుల రక్తం చూస్తే లావుగా ఉన్నవాళ్లలో లెప్టిన్ తక్కువ లేదు, ఎక్కువ ఉంది. ఎంత కొవ్వు ఉంటే అంత లెప్టిన్. కబురు వెళ్తోంది, మెదడు సరిగా వినడం లేదు. వినని చెవిలో ఇంకాస్త గట్టిగా అరిస్తే ఏమవుతుంది? 1999లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో కొందరు కొంత తగ్గారు గానీ, ఎదురుచూసినంత లేదు. చిట్టెలుక చెప్పింది తప్పు కాదు. "హార్మోన్ అసలే లేకపోతే ఏమవుతుంది" అని అడిగిన ప్రశ్నకి అది సరైన జవాబే ఇచ్చింది, ఆ జవాబుని హార్మోన్ నిండుగా ఉన్న కోట్లమందికి అంటగట్టింది మనుషులే.

మరి ఆ జవాబు ఎవరికీ పనికిరాలేదా? వచ్చింది. 1997లో కేంబ్రిడ్జ్‌లో స్టీఫెన్ ఒరాహిలీ, సదఫ్ ఫారూఖీ ఉన్న బృందం ఇద్దరు పిల్లల గురించి ప్రచురించింది. పాకిస్తానీ మూలాలున్న కుటుంబం, దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు, ఇద్దరూ కజిన్లు. ఒక పాప ఎనిమిదేళ్లకే 86 కిలోలు, ఇంకో బాబు రెండేళ్లకి 29 కిలోలు. రక్తంలో లెప్టిన్ దాదాపు సున్నా, మనిషి రూపంలో ఓబీ అన్నమాట. ఆ పాపకి తొమ్మిదేళ్ల వయసులో లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెడితే ఏడాదిలో 16 కిలోలకు పైగా తగ్గింది. అన్నం కోసం నిరంతరం ఏడ్చే పిల్లని "తిండిపోతు" అని, ఇంట్లోవాళ్లని "అదుపు చేయలేకపోయారు" అని నిందించే లోకంలో ఇది చిన్న విషయం కాదు. మేనరికాలు ఇంకా చాలా ఇళ్లల్లో జరిగే మన ఆంధ్ర, తెలంగాణల్లో ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి: పుట్టిన కొన్ని నెలల నుంచే ఆగని ఆకలితో విపరీతంగా బరువు పెరిగే పిల్లలు కనిపిస్తే తిట్టడం ఆపి, జన్యు పరీక్ష గురించి డాక్టర్‌ని అడగాలి. ఇలాంటి కేసులు చాలా అరుదు, కానీ వాటిలో కొన్నిటికి మందు ఉంది.

ఇదే దారిలో ఇంకోటి కూడా వచ్చింది. పసుపు రంగు బొచ్చుతో, పెరిగే కొద్దీ లావెక్కే ఒక రకం చిట్టెలుక చాలాకాలంగా ల్యాబుల్లో ఉండేది. రంగుకీ లావుకీ సంబంధం ఏమిటని తవ్వితే మెదడులోని ఎంసీ4ఆర్ అనే రిసెప్టర్ బయటపడింది. 1997లో చిట్టెలుకలో దాన్ని తీసేస్తే లావైంది, 1998లో లావున్న మనుషుల్లోనూ అదే జన్యువులో లోపాలు కనిపించాయి, 2020లో ఆ దారి మీద పనిచేసే సెట్‌మెలనోటైడ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ కొన్ని అరుదైన జన్యు లోపాలున్నవాళ్లకే. మీట ఒకటే పాడైనప్పుడు చిట్టెలుక వేలు పెట్టి చూపించగలదు.

చిక్కల్లా మామూలు లావు దగ్గరే. మీట ఒకటి కాదు, వందల జన్యువులు, తిండి, నిద్ర, టెన్షన్, కూర్చుని చేసే ఉద్యోగం అన్నీ కలిసి వచ్చిన లావు. దీనికోసం ల్యాబుల్లో తిండితో లావు చేసే పద్ధతి వాడతారు. బీఎల్6 అనే నల్ల చిట్టెలుకకి మొత్తం కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వచ్చే మేత పెడతారు, అందులో ఎక్కువ భాగం పందికొవ్వు. మూడు నాలుగు నెలల్లో లావు, ఇన్సులిన్ రెసిస్టెన్స్, కాలేయంలో కొవ్వు అన్నీ వచ్చేస్తాయి. పరిశోధకులకి ఎంతో సౌకర్యం. కానీ 60 శాతం కొవ్వు ఏ ఇంటి వంటలో ఉంది? మన పళ్లెంలో సమస్య ఇంకో వైపు ఉంది: పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం గుట్టగా అన్నం, సాయంత్రం బజ్జీతో చక్కెర టీ, రాత్రి మళ్లీ అన్నమో చపాతీయో. కేలరీల్లో సగం కన్నా ఎక్కువ పిండిపదార్థాలే. పందికొవ్వు తిని లావైన చిట్టెలుకని బాగుచేసిన మందు, సన్నబియ్యం తిని పొట్ట వచ్చిన మనిషికి అలాగే పనిచేస్తుందని ముందే అనుకోవడానికి ఆధారం లేదు.

దీనికి తోడు ఇంకో లోపం చాలా పేపర్లలో దొర్లుతుంది. కొవ్వు మేత తిన్నదాన్ని, మామూలు గింజల మేత తిన్నదానితో పోలుస్తారు. గింజల మేతలో పీచు బోలెడంత ఉంటుంది, శుద్ధి చేసి తయారుచేసిన కొవ్వు మేతలో ఆ రకం పీచు ఉండదు. పేగులో బ్యాక్టీరియా మారితే అది కొవ్వు వల్లా, పీచు లేకపోవడం వల్లా? కేవలం ఆ పోలిక చూసి చెప్పలేం. కొవ్వు శాతం తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న మేతతో పోల్చారా లేదా అన్నది పేపర్‌లో మొదట వెతకాల్సిన విషయం.

చిట్టెలుక జాతి కూడా ముఖ్యమే. అదే కొవ్వు మేత ఏ/జే అనే తెల్ల చిట్టెలుకకి పెడితే అంతగా లావవదు, షుగర్ రాదు. బీఎల్6లోనే జాక్సన్ ల్యాబ్ నుంచి వచ్చే 'జే' రకంలో మైటోకాండ్రియాకి (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలకి) సంబంధించిన ఎన్ఎన్‌టీ అనే జన్యువు పాడై ఉంటుంది, 'ఎన్' రకంలో బాగుంటుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కలిపేసిన ప్రయోగాలు తక్కువేం కాదు. ఓబీ మార్పునే తీసుకుంటే, బీఎల్6 నేపథ్యంలో షుగర్ వచ్చి కొన్నాళ్లకి సర్దుకుంటుంది, ఇంకో జాతి నేపథ్యంలో అదే మార్పు తీవ్రమైన షుగర్‌గా మారి ప్రాణం తీస్తుంది. ఈ సంగతి కూడా కోల్‌మన్, క్యాథరిన్ హమ్మెల్ 1973లోనే చూపించారు. ఒకే బరువున్న అన్నదమ్ముల్లో ఒకరికే షుగర్ ఎందుకొస్తుందని అడిగేవాళ్లకి ఆలోచన పెట్టే ఫలితం ఇది. మళ్లీ ఇవన్నీ ఎక్కువగా మగ చిట్టెలుకల మీదే, ఎందుకంటే కొవ్వు మేతతో మగవి తొందరగా లావవుతాయి, ఆడవి తట్టుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మంది అధిక బరువులో ఉన్నారు, అదే వయసు మగవాళ్లలో 31 శాతం. ఈ ఆడవాళ్లకీ వాడబోయే మందుకి మొదటి సాక్ష్యం మగ చిట్టెలుకే కావడం ఇకనైనా మారాలి.

అన్నిటికన్నా తక్కువ పట్టించుకునేది ఉష్ణోగ్రత. ల్యాబుల్లో చిట్టెలుకలు ఉండే గది 22 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది కోటు వేసుకుని పనిచేసే మనుషులకి హాయి. చిట్టెలుకకి హాయి 30 డిగ్రీల దగ్గర. 22 దగ్గర అది ఎప్పుడూ చలిలో ఉన్నట్టే, ఒంటరిగా బోనులో పెడితే మరీను, ఒక మూల గూడు చేసుకుని ముడుచుకుంటుంది, తిన్నదాంట్లో దాదాపు సగం ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చు పెడుతుంది. మనం బట్టలు, దుప్పట్లు, ఇల్లు పెట్టుకుని ఆ ఖర్చు తప్పించుకుంటాం, విజయవాడ మే నెలలో అయితే సమస్యే తలకిందులు.

ఇది ఎంత తేడా తెస్తుందో యూసీపీ1 కథ చెబుతుంది. బ్రౌన్ ఫ్యాట్ అనే గోధుమరంగు కొవ్వు కేలరీల్ని వేడిగా కాల్చేయడానికి వాడే ప్రొటీన్ అది. దాన్ని తీసేస్తే చిట్టెలుక లావవ్వాలి కదా? 1997లో తీసేసి చూశారు, లావవలేదు, అందరూ తలలు పట్టుకున్నారు. 2009లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ పరిశోధకులు అదే చిట్టెలుకల్ని 30 డిగ్రీల దగ్గర పెంచి చూస్తే లావయ్యాయి. అప్పటిదాకా చలి వణుకు అసలు జవాబుని కప్పేసింది. బ్రౌన్ ఫ్యాట్‌ని రెచ్చగొట్టి బరువు తగ్గిద్దామని తయారుచేసిన బీటా-3 మందులు చిట్టెలుకల్లో అద్భుతంగా పనిచేసి మనుషుల్లో తేలిపోవడానికి ఇదొక కారణం. చిట్టెలుక రిసెప్టర్‌కి, మనిషి రిసెప్టర్‌కి ఉన్న తేడా ఇంకో కారణం, పెద్దవాళ్లలో ఆ కొవ్వు చాలా తక్కువగా ఉండటం మూడోది.

ఇప్పటి ఇంజెక్షన్ల కథలోనూ చిట్టెలుక తిన్నగా దారి చూపించలేదు. జీఐపీ అనే పేగు హార్మోన్‌ని అందుకునే రిసెప్టర్ తీసేస్తే చిట్టెలుక కొవ్వు మేత తిన్నా లావవదని 2002లో జపాన్ బృందం చూపింది. దాన్ని బట్టి ఆ రిసెప్టర్‌ని అడ్డుకోవాలి. ఇప్పటి ఇంజెక్షన్లలో ఒకటైన టిర్జెపటైడ్ చేసేది సరిగ్గా ఎదురు, జీఎల్‌పీ-1 అనే ఇంకో పేగు హార్మోన్ రిసెప్టర్‌తో పాటు జీఐపీ రిసెప్టర్‌నీ తట్టిలేపుతుంది, అయినా బరువు బాగా తగ్గిస్తుంది. ఎందుకో ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

మన ప్రశ్న మాత్రం వేరే చోట మొదలవుతుంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పక్కపక్కన నిలబడిన తమ ఫోటో వేశారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క) ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. పైకి సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు పేరుకున్న ఈ శరీరానికి 60 శాతం కొవ్వు మేతతో ఊదిపోయిన నల్ల చిట్టెలుక ఎంతవరకు నమూనా? 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త షుగర్ సర్వే అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు, అందులో ఎందరో లావు కానివాళ్లు.

దీనికి దగ్గరగా వచ్చే పనులు మన దగ్గరే జరిగాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తరతరాలుగా పెంచుతున్న విస్టార్ అనే జాతి ఎలుకల్లోంచి (ఇవి చిట్టెలుకలు కావు, పెద్ద ఎలుకలు) సహజంగా పుట్టిన ఒక లావు రకం ఉంది, డబ్ల్యూఎన్ఐఎన్-ఓబీ అంటారు. దాని ఒంట్లో లెప్టిన్ ఎక్కువే, వినడమే లేదు. అంటే అది ఓబీ కన్నా మామూలు లావు మనిషికే దగ్గర. దాంట్లోంచే షుగర్ తట్టుకోలేని ఇంకో రకాన్నీ వేరుచేశారు. పక్క తారు రోడ్డు మీద రోజూ వెళ్లే జనానికి ఈ ఎలుక సంగతి తెలియకపోవడం మాత్రం బాధ కలిగిస్తుంది.

ఇంకోటి పుణెలో జరిగింది, 2015లో ప్రచురించారు. ఎలుకల్ని 50 తరాల పాటు అరకొర తిండి మీద పెంచారు. పిల్లలు తక్కువ బరువుతో పుట్టేవి, పెద్దయ్యాక లోపల కొవ్వు ఎక్కువ, ఇన్సులిన్ రెసిస్టెన్స్, విటమిన్ బీ12 తక్కువ. యాజ్ఞిక్ చెప్పిన సన్నటి-లావు మనిషి, ఎలుక రూపంలో. ఆ తర్వాత వాటికి రెండు తరాల పాటు కడుపు నిండా మంచి తిండి పెట్టారు. లోపలి గోల సర్దుకోలేదు. తాత కాలంలో గంజి, జొన్న సంకటి కూడా చాలని ఇళ్లల్లో, మనవడి కాలానికి ఫ్రిజ్ నిండా తిండి వచ్చింది, మధ్యలో ఉన్నవి సరిగ్గా ఆ రెండు తరాలే. మూడో తరానికి, నాలుగో తరానికి ఏమవుతుందో తెలియాలంటే ఇలాంటి ఎలుకల కాలనీలనే ఏళ్ల తరబడి, డబ్బు ఆగకుండా పెంచుతూ పోవాలి.